రోడ్డు మీద చేపలు, ప్లగ్గు మీద మసి

పోయినవి లెక్కపెడితే ఇవి: ఒక పిస్టన్, దాని రింగులు, సిలిండర్ బోరు, మూడు గంపల వంజరం, వాటి మీది ఐసు. వీటితో పాటు, రేవులో జరిగే వేలంపాటలో అరువు మీద చేపలు పాడుకునే మా అక్క హక్కు. చివరిది పోకుండా ఉంటే మిగతావి మళ్లీ సంపాదించుకునేవాళ్లం.

వాకాడు దిక్కున మా రేవులో అక్క ఒక పడవాయన దగ్గర చేపలు పాడుకునేది, వారం తర్వాత డబ్బిచ్చేది. పూచీ ఆమె మాటే. ఆ చేపలను నాయుడుపేట లారీకి అందించడం నా పని. నాది పాత వంద సీసీ బండి, వెనక ఇనుప చట్రం, రెండు గంపలు. మూడో గంప ఎక్కిస్తే ఎదురుగాలికి లాగేది కాదు. రెండు గంపల లాభం ఖర్చులకు సరి. ఇంటికి మిగలాలంటే మూడోది పోవాలి. అందుకే బోరు పెద్దది చేయించి పెద్ద పిస్టన్ వేయించాను.

పిస్టన్ పెరిగితే పెట్రోలూ పెరగాలి. కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే ఇత్తడి జెట్ మీద నంబరు ఉంటుంది. నంబరు పెద్దదైతే రంధ్రం పెద్దది. మెకానిక్ నూట పది వేసి, "ఇంక నడిపి చూసి నువ్వే సరిచేసుకో అన్నా, లెక్కల మనిషివి గదా" అన్నాడు. నా లెక్కలు బడిలో నేర్చినవి కావు, పాట దగ్గర నిలబడి నేర్చినవి.

బండిని గట్టిగా తోలి ప్లగ్గు విప్పి చూడాలి. మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే తక్కువ, ఇటుక రంగుంటే సరి. నేను తారు రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు తోలి, ఇంటికొచ్చి విప్పేవాణ్ణి. ప్లగ్గు విప్పే పానాలు ఇంట్లోనే ఉండేవి. ఇంటికి రావాలంటే మా వీధి సిమెంటు రోడ్డు దాటాలి. దాని నిండా చేపలు ఆరబోసి ఉంటారు. పక్కన మిగిలిన జానెడు జాగాలో ఫస్టు గేరులో పాకుతూ రావాల్సిందే.

"అన్నా, చక్రం ఎక్కించినావంటే ఆ చేపల పులుసు నీ చేతనే తినిపిస్తా!" అని ఒకామె రోజూ అరిచేది.

"తూకం కోసం ఇసక నువ్వే కలిపినావు గదమ్మా, ఇంక నా చక్రమెందుకు?" అనేవాణ్ణి.

ప్లగ్గు నల్లగా ఉండేది. నూట అయిదు వేశాను. నలుపే. నూరు వేశాను. నలుపే. మైలేజీ మాత్రం ముప్పై రెండు నుంచి ముప్పై తొమ్మిదికి పెరిగింది కనుక దారి సరైనదే అనుకున్నాను. తొంభై అయిదు వేసిన రోజు మబ్బు పట్టింది, ఎవరూ చేపలు ఆరబోయలేదు. పాకే పని లేక నేరుగా గుమ్మం దాకా వచ్చి విప్పితే మసి లేదు, లేత గోధుమరంగు. ఇటుక రంగుకు దగ్గరే అనుకుని అక్కను పిలిచి చూపించాను.

"రంగు నాకేం తెలుస్తాదిరా? మూడు గంపలు పోతాయా పోవా, అది చెప్పు."

"పోతాయి."

మర్నాడు మూడు గంపలు ఎత్తుకుని ఎదురుగాలిలో బయలుదేరాను. సగం దారిలో బండి ఉన్నట్టుండి తేలికైనట్టనిపించింది. సంతోషించేలోపే వెనక చక్రం బిగుసుకుంది. అటూ ఇటూ ఉప్పు నేల, నీడ లేదు. ఆటో దొరికేసరికి ఐసు నీళ్లయి కారిపోయింది, లారీ వెళ్లిపోయింది. చెడిన చేపలకు కోళ్ల దాణా వాళ్లు ఇచ్చిన డబ్బు ఆటోకు సరిపోయింది.

మెకానిక్ హెడ్ విప్పాడు. పిస్టన్ నెత్తిన చిటికెన వేలు దూరేంత రంధ్రం.

"ప్లగ్గు యాడ చూసినావన్నా?"

"ఇంటికాడ. అందురూ ఆన్నే గదా చూసేది."

"అందురివీ రెండు గంపల బండ్లు. గట్టిగా పోతా ఉండంగానే ఇంజన్ ఆపి, ఆ రోడ్డు మీదనే విప్పాల. మెల్లిగా పోయేటప్పుడు పెట్రోలిచ్చే జెట్టు వేరే. నువ్వు చూసిన మసి దానిది. నువ్వు తగ్గించింది ఇంకోదాన్ని. బరువుతో గట్టిగా పోయేటప్పుడు పెట్రోలు చాలక పిస్టన్ కాలిపొయ్యింది."

తరువాతి పాటకు అక్క వెళ్లి నిలబడితే పడవాయన, "పాతది కట్టి పాడమ్మా" అన్నాడు. గొంతు పెంచలేదు కానీ అందరూ విన్నారు. మళ్లీ ఆమెను పాటకు పిలవలేదు.

ఇప్పుడు అక్క, ఎవరూ పాడని చిల్లర చేపలు నగదుకు కొని అదే సిమెంటు రోడ్డు మీద ఆరబెడుతుంది. ఇంజన్ గోనెసంచిలో ఉంది. నేను రేవులో గంపలు మోస్తాను. బియ్యానికి పోగా మిగిలింది పడవకు కడతాను. సాయంత్రం నడిచే వస్తాను. అయినా నన్ను చూడగానే అక్క, బండి మీద వస్తున్నట్టే చేపలు పక్కకు జరిపి దారి ఇస్తుంది. నిన్నటిదీ కట్టాక, ముప్పై ఒక్క వేల రెండు వందల్లో ఇంకా ఇరవై నాలుగు వేల ఎనిమిది వందలు బాకీ.