ధర్మవరం గుర్రానికి జీను

హిందూపురంలో మా అంగడి బోర్డు మీద ఇప్పటికీ ‘గుర్రపు జీనులు’ అనే రాసి ఉంది. వచ్చేవాళ్లు మాత్రం స్కూలు బ్యాగుల జిప్పులకు వస్తారు. ఆ జిప్పులు నేను వేస్తాను. మా నాయన వేయడు. తను జీనులు కుట్టేవాణ్నని, జిప్పు తన పని కాదని చెబుతాడు. అందువల్ల కొన్నేళ్లుగా ఆయనకు చాలా తీరిక.

ఒకరోజు ధర్మవరం నుంచి ఒకాయన వచ్చాడు. పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని పంపడం ఆయన వ్యాపారం. ఆ గుర్రం పెళ్లికొడుకులను ఎక్కనివ్వడం మానేసిందట.

“పోయిన పెండ్లిలో పెండ్లికొడుకు ఆటోలో పోయినాడన్నా. గుర్రం ఉత్తదే ముందర నడిచె.”

“దానికి జీనేం వేస్తాండావు?” నాయన అడిగాడు.

“స్పాంజిది. పైన రెగ్జిన్. బాగుండాది.”

“ఎవురికి బాగుండాది?”

ఆయన తోలుతో మంచి జీను కుట్టివ్వమన్నాడు. కొలతలేవని నాయన అడిగితే, “అన్ని గుర్రాల మాదిరే ఉంటాదన్నా, నాలుగు కాళ్లు” అన్నాడు.

“కాళ్లకు కాదప్పా కుట్టేది. వీపు చూడల్ల” అన్నాడు నాయన.

మరుసటి రోజు ఇద్దరం ధర్మవరం వెళ్లాం. నేతగాళ్ల వీధి చివర రేకుల కొట్టంలో ఉంది ఆ గుర్రం. తెల్లటి ఆడగుర్రం. మూపు మీద అరచేయంత పుండు. నాయన దాని వీపు మీద చేయి వేయగానే అది తల తిప్పి ఆయన భుజం మీది తువ్వాలు పట్టుకుంది. ఆయన లాక్కోలేదు. తువ్వాలు దాని నోట్లోనే ఉండనిచ్చి, లావుపాటి అల్యూమినియం తీగను వీపు మీద అదిమి, ఆ వంపు ఎలా ఉందో అలా తీగను వంచాడు.

తిరుగు బస్సులో ఆ తీగను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. పక్క సీటు ఆమె అడిగింది.

“ఏమి పెద్దాయనా అది?”

“గుర్రం వీపు.”

ఆమె కొంచెం జరిగి కూర్చుంది. పెనుకొండ దగ్గర ఒకాయన ఎక్కి, కాస్త పట్టుకోమంటూ పల్లీల మూట నాయన ఒడిలో పెట్టాడు. మూట తీసేసరికి తీగ చదునైపోయింది. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇప్పుడిది బర్రె వీపు” అని లేచాడు.

“వంపు నీకు గుర్తుండాది కదా నాయనా, మళ్ల వంచుకోరాదా?” అన్నాను.

“గుర్తుతో కుడితే మళ్ల పుండే అయితాది. దిగు పాపా.”

నాకు నలభై దాటాయి. దిగాను. రోడ్డు దాటి ధర్మవరం బస్సు ఎక్కాం.

ఈసారి కొట్టం పక్కింటి నేతగాళ్లావిడ చీరల అట్టపెట్టె ఒకటి ఇచ్చింది. తీగను మళ్లీ గుర్రం వీపు మీద వంచి, ఆ వంపును అట్ట మీద గీసి, కత్తిరించి, పట్టుచీర సంచిలో పెట్టుకుని వచ్చాం. ఆ సంచి మీద ఎవరూ మూట పెట్టలేదు.

అట్ట ప్రకారం కొయ్య చట్రం చెక్కించి, తోలు నానబెట్టి కోశాక కుట్టు పని మొదలైంది. నాయన మొనదేలిన ఆరెతో తోలుకు మొదటి బెజ్జం పొడిచాడు. రెండోది గీత తప్పి పడింది. మూడోది ఇంకా పక్కకు పోయింది. ఆరె నా చేతికిచ్చాడు.

“నువ్వు కుట్టు. నేను చూస్తా.”

చూపు ఆనకే ఇచ్చాడని ఇద్దరికీ తెలుసు. నేను మైనం పట్టించిన దారంతో, రెండు వైపుల నుంచి రెండు సూదులతో కుట్టేదాన్ని. ఆయన బొటనవేలి గోరు కుట్టు మీద నడిపించేవాడు. గోరు ఒకచోట ఆగేది.

“ఈడ నిద్రపోయినావు.”

అక్కడిదాకా విప్పేదాన్ని. నిజానికి ఆ కుట్టు దగ్గరే జిప్పు బేరం వచ్చి లేచి ఉంటాను. రొళ్ల నుంచి తెప్పించిన గొర్రె ఉన్నిని లోపల కూరి, దాదాపు నెలకు జీను పూర్తి చేశాం. ఆలోగా గుర్రం పుండు కూడా మానింది.

జీను వేసిన తొలి పెళ్లి పెనుకొండలో. మేమూ వెళ్లాం. గుర్రమాయన మా జీను మీద ఎర్ర ముఖమల్, దాని మీద జరీ పట్టీలు కప్పేశాడు. నెల రోజుల తోలుపని అంగుళం కూడా కనిపించలేదు. నాకు ఒళ్లు మండింది. నాయనతో అంటే, “పుండు గూడా ఇన్నినాళ్లు కనపడకనే ఉన్నె” అన్నాడు.

పెళ్లికొడుకు మంచి భారీ మనిషి. ఆయన ఎక్కాడు. గుర్రం చెవులు కదిలించి ఊరుకుంది. బ్యాండు మోగింది. మండపం దాకా గుర్రం మామూలుగా నడిచింది. గుర్రమాయన కళ్లు తుడుచుకున్నాడు.

పెళ్లికొడుకు దిగగానే నాయన జీను విప్పించి గుర్రం వీపంతా అరచేత్తో తడిమాడు. కుడిపక్కంతా చెమట. ఎడమపక్క ఒకచోట పొడిగా ఉంది.

“ఈడ జీను ఆనడం లేదు. ఉన్ని పిడికెడు తక్కువుండాది.”

“గుర్రం ఏమీ అనలేదు కదన్నా!” అన్నాడు గుర్రమాయన.

“పెండ్లని ఊరుకున్నింటాది.”

జీను మండపం మెట్ల మీదికి తెచ్చి, సంచిలోంచి ఆరె, దారం, ఉన్ని తీసి నా ముందు పెట్టి నాయన భోజనానికి వెళ్లిపోయాడు. నేను కుట్టు విప్పి, ఉన్ని కూరి, మళ్లీ కుట్టి ముడివేసేసరికి చేయి తుడుచుకుంటూ వచ్చాడు. కుట్టు మీద గోరు నడిపించలేదు. పాయసం బాగుందని, అయిపోకముందే పొమ్మని చెప్పాడు.