దిగినారక్కా, అందరూ

నిన్న సాయంత్రం మా తమ్ముడి ఫోన్ నుంచి కాల్ వచ్చింది.

మాట్లాడింది తమ్ముడు కాదు. వాళ్ల స్కూలు వాచ్‌మన్.

రాతలో తప్పులుంటే ఏమనుకోవద్దు.

మా ఈరేశు పోయినాడు. ఆదోనిలో స్కూలు బస్సు తోలే ఈరేశు. మా నలుగురు తోబుట్టువుల్లో చిన్నోడు. నేను పెద్దదాన్ని, ఎమ్మిగనూరులో ఉంటాను.

వాడు భయస్తుడు. ముందు ఆ మాట చెప్పాలి.

పనిలో చేరిన కొత్తలో, పొద్దున ట్రిప్పు అయినాక బస్సుకు తాళం వేసి ఇంటికి బయలుదేరినాడు. సద్దిగిన్నె మర్చిపోయినానని మళ్లీ వెనక్కి వచ్చినాడు. చివరి సీటు కింద ఎల్‌కేజీ పాప నిద్రపోతాంది.

ఎండాకాలం. అద్దాలన్నీ మూసి ఉన్నాయి.

పాపకు ఏమీ కాలేదు. వీడే రెండు రోజులు అన్నం ముట్టలేదు. "గిన్నె మర్చిపోకపోయి ఉంటే ఎట్లక్కా?" అని అదే మాట.

అప్పటి నుంచి రోజూ నాకు ఫోన్ చేసేవాడు. పొద్దున, "బస్సు ఎక్కుతాండానక్కా, మొక్కుకో." నేను ఉరుకుంద ఈరన్న పటం ముందర దీపం పెట్టేదాన్ని.

సాయంత్రం ఆఖరి ఊర్లో పిల్లలను దింపి, బస్సును స్కూలు కాడికి తెచ్చి, ప్రతి సీటు కిందా వంగి చూసి, అప్పుడు రెండో కాల్.

"దిగినారక్కా, అందరూ."

అంతే. పెట్టేసేవాడు.

పెద్ద పిల్లలు వాణ్ణి ఆట పట్టించేవాళ్లు. కిటికీలోంచి ఎవరైనా చెయ్యి బయట పెడితే బస్సు ఆపేసేవాడు. తిట్టడు, వెనక్కి తిరగడు. చెయ్యి లోపలికి వచ్చేదాకా బస్సు కదలదు. వాళ్లు కావాలనే ఒకరి తర్వాత ఒకరు పెట్టేవాళ్లంట. "అన్నా, ఈసారి చెయ్యి కాదు, కాలు" అని నవ్వేవాళ్లంట.

పోయిన వానాకాలం ఆస్పరి దోవలో వంక పొంగి నీళ్లు రోడ్డు మీదికి వచ్చినాయి. వీడు ఇవతలే బస్సు ఆపి, ఇంజన్ బంద్ చేసి, కీ జేబులో వేసుకున్నాడు.

అవతల గట్టున తల్లిదండ్రులు. ఇద్దరు నీళ్లలోనే నడుచుకుంటా వచ్చినారు.

"ఏమప్పా డ్రైవరూ, మోకాలు లోతు గూడా లేదు. ట్రాక్టర్ ఇప్పుడే పోయె. నీకేం రోగం?"

"నాకు భయమప్పా."

"భయమైతే చీర కట్టుకోని ఇంట్లో కూర్చో."

బస్సులోంచి ఒకడు అరిచినాడంట, "అన్నా, నువ్వు దిగు, నేను తోల్తా" అని. అందరూ నవ్వినారు. ఒకాయన కాలరు పట్టుకున్నాడు.

వీడు కీ ఇయ్యలేదు. "నాకు ఈత రాదు. వీళ్లకూ రాదు" అన్నాడంట.

నీళ్లు పెరగలేదు. కొంచేపటికి తగ్గినాయి. వాళ్ల మాటే నిజమైనట్టు అయింది. స్కూల్లో కంప్లైంట్ కూడా ఇచ్చినారు.

ఆ రోజు చీకటి పడినాక కాల్ వచ్చింది. "దిగినారక్కా, అందరూ. చొక్కా చినిగింది, అంతే."

నిన్న దీపం ముందర కూర్చునే ఉన్నాను. టైం దాటిపోయింది. పొద్దు గూకింది. వాడి పేరు ఫోన్‌లో కనపడగానే ప్రాణం లేచి వచ్చింది.

వేరే గొంతు వినపడింది.

నా నోట్లోంచి మొదట వచ్చిన మాట, "పిల్లోల్లు?"

"అందరూ ఇండ్లకు పోయినారమ్మా. అన్న సీట్లు చూస్తా చూస్తా పోయి చివరి సీటు కాడ కూలబడినాడు. మళ్ల లేయలేదు."

గుండె, అన్నారు.

మా కూతురును ఆస్పరి దోవలో ఊరికే ఇచ్చినాం, మా మనవరాలు కూడా ఆ బస్సులోనే పోతుంది. రేపటి నుంచి వేరే డ్రైవరంట. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టినారు, "ఈయన స్పీడ్ అంట, ఇంక లేట్ ఉండదు" అని. కింద అన్నీ చప్పట్ల బొమ్మలు. మా కూతురు చూపించింది.

ఇన్నేళ్లూ నా భయం కూడా వాడే పడినాడు. ఇప్పుడు తెలుస్తాంది.

కొత్తగా వచ్చే నాయనా, నీ పేరు నాకు తెలియదు. రేపు పొద్దున నీ పేరు మీదనే దీపం పెడతాను. ఒక్కటే అడుగుతాను. దిగే ముందు చివరి సీటు దాకా నడువు. కొంచెం భయపడు.

ఈరేశూ, పోయి రా నాయనా.
అందరూ దిగినారు. నేను చూసుకుంటాను.
నీకు భయం లేని చోటు ఈరన్న చూపించాలి.