ఎముకల సేనకు కొత్త పీటలు

ఆవిడ పని పళ్లు చెయ్యడం. దంతవైద్యులు పంపే అచ్చులు ముందేసుకుని, మైనంతోనూ ప్లాస్టర్‌తోనూ కట్టుడు పళ్లు తయారుచేసే ఇరుకు గదిలో ఇరవై రెండేళ్లుగా కూర్చుంటోంది. వీధిలో అందరికీ పళ్లావిడ. ఒక్క అన్నయ్యకు మాత్రం పిచ్చుక. నలభై ఆరేళ్ల మనిషిని నలుగురిలో అలా పిలవొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నా ఆ మహానుభావుడు చెవిన పెట్టడు.

అన్నయ్య బస్సు డ్రైవరు. డ్రైవరుగా ఉండేవాడు అనాలి ఇప్పుడు. రెండేళ్ల కిందట కంటి నడిమి చూపు మసకబారింది. ఎదుటి మనిషి చెవులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. అలాంటివాడి చేతికి స్టీరింగు ఎవరిస్తారు? డిపోలో ప్రయాణికులు మరిచిపోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. గొడుగులు తడుముకుంటూ కాలక్షేపం చేస్తున్నాడు.

ఆ ఆదివారం పళ్లావిడ ఎప్పటిలాగే అన్నయ్య ఇంటికి ఆటకని వెళ్లేసరికి వదిన గుమ్మంలోనే ఆపింది.

"మీ అన్నయ్య ఎముకల సేనని ఎవరికైనా ఇచ్చేస్తాడట. పొద్దున్నుంచీ అదే పాట. నువ్వే చెప్పు, నా మాట ఆయనకు ఎక్కదు."

పళ్లావిడకు గుండె జారిపోయింది. ఎముకల సేన అంటే మాటలా? ఆమెకు తొమ్మిదేళ్లు, అతనికి పన్నెండేళ్లు ఉన్నప్పుడు మొదలైన సేన అది. బొటనవేలంత బొమ్మలు. అతనివి కత్తులు పట్టిన అస్థిపంజరాలు, ఆమెవి ఆకుపచ్చ బట్టల అడవి మనుషులు. ప్రతి బొమ్మ కిందా ఓ గుండ్రటి బిళ్ల ఉంటుంది. వాళ్ల భాషలో దాని పేరు పీట. దాని మీద జిగురు పూసి, జల్లించిన ఇసుక చల్లి, ఆరాక రంగేసి, గడ్డి దుబ్బులు అంటించాలి. నాన్న బూట్ల బ్రష్షు బోడిగుండు అయ్యేదాకా పిల్లలిద్దరూ కుచ్చులు కత్తిరించి ఆ గడ్డి చేశారు. నాన్న అరిచిన అరుపులు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఆటకు నియమాలు రెండే. పీట లేని సైనికుడు యుద్ధానికి రాకూడదు. ఎవరి సేనను వాళ్లే ముట్టుకోవాలి.

రెండోది అన్నయ్య ఒక్కసారే తప్పాడు. ఆమె జెండా మనిషి పీటకు దిబ్బలా పూసిన మట్టి ఆరిందో లేదో చూద్దామని బొటనవేలు నొక్కాడు. గుంట పడింది. ఆమె వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు తనే పాచికలు తెచ్చి అతని ముందు పెట్టింది. అంతకంటే ఉండలేకపోయింది పాపం. గుంట మాత్రం పూడ్చలేదు, అన్నయ్యను దెప్పడానికి పనికొస్తుందని.

ఆమె లోపలికి వెళ్లేసరికి అన్నయ్య రేకు పెట్టె మూతేసి దాని మీద చెయ్యేసుకుని కూర్చున్నాడు.

"ఏమొచ్చింది నీకు?" అంది.

"ఎవడెవడో తెలియట్లేదే. విలుకాడిని తెచ్చి ఈటెవాళ్ల వరసలో పెడుతున్నాను. నువ్వు చప్పుడు కాకుండా తీసి సరిచేస్తున్నావు. నాకు తెలియదనుకున్నావా?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. నిజమే, ఆర్నెల్లుగా చేస్తున్నది అదే. జాలిపడి అతని సేనను ముట్టుకుంది.

"ఒక్క వారం ఆగు. పెట్టె నాకివ్వు. ఈలోగా ఇంకెవరికైనా ఇస్తానన్నావంటే నీతో మాట్లాడను."

"మాట్లాడకు. వారం దాటి అలగడం నీ వల్ల కాదులే."

ఆ వారం పళ్ల గదిలో మధ్యాహ్నం విరామం మొత్తం సేనకే పోయింది. అరవై మూడు బొమ్మలనీ పాత పీటల నుంచి ఊడదీసింది. ఈటెవాళ్లకు సన్నటి ఇసుక, విలుకాళ్లకు ఓ మోస్తరుది, గుర్రాలవాళ్లకు ముతకది వేసి కొత్త పీటలు కట్టింది. వేలితో తడిమితే ఎవరో తెలిసిపోవాలి. కళ్లు మూసుకుని తనే పరీక్ష పెట్టుకుంది. ఒక్కటీ తప్పలేదు. తన తెలివికి తనే మురిసిపోయింది.

తీరా ఆదివారం అన్నయ్య మొదటి బొమ్మ పీట తడిమి ఈటెవాడన్నాడు. కాదు. రెండోది విలుకాడన్నాడు. కాదు. అయిదోదానికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అంతా ఇసుకేనే, పిచ్చుకా."

అప్పుడు వెలిగింది ఆవిడకు. పంటి అంచులు తడిమి తడిమి తన వేళ్లు వెంట్రుకవాసి తేడా కూడా పట్టేస్తాయి. అతనివి పాతికేళ్లు స్టీరింగు పట్టి కాయలు కాసిన వేళ్లు. అతని పీటలకు తన వేళ్లతో కొలత తీసింది. ఇంకొకరి నోటికి తన పళ్ల కొలతతో సెట్టు చేస్తుందా ఎక్కడైనా? తనను తానే నాలుగు తిట్టుకుంది.

అన్నయ్య అప్పటికే మూత వెయ్యబోతున్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి వదిన గిన్నెలన్నీ ఎత్తుకొచ్చింది. ఒకదాంట్లో గులకరాళ్లు, ఒకదాంట్లో అగ్గిపుల్లలు, మరోదాంట్లో బెరడు ముక్కలు పోసి అతని ముందు పెట్టింది.

"నాది తప్పే. నీ వేళ్లకు ఏది తెలుస్తుందో నువ్వే ఏరు. జిగురు కూడా నువ్వే పూయి."

"నా గిన్నెల్లో జిగురు పడిందో, అన్నాచెల్లెళ్లిద్దరికీ అందులోనే వడ్డిస్తాను" అంది వదిన. అంటూనే కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

ఇసుక గీకేసి పీటలు మళ్లీ కట్టడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఈటెవాళ్ల పీటకు అడ్డంగా అగ్గిపుల్ల. గుర్రాలవాళ్లకు గులకరాయి. విలుకాళ్లకు ఏమీ లేదు, నున్నటి పీట. వేళ్లకు జిగురంటుకుని అన్నయ్య చొక్కా నిండా ఇసుకే. చాలాకాలానికి ఆ ఇంట్లో పాత వాసన వచ్చింది, జిగురూ రంగూ కలిసిన వాసన. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

నాలుగో ఆదివారం ఆట. అన్నయ్య అరవై ముగ్గురినీ తనే వరసలో నిలబెట్టాడు. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని చూసింది. ఒక్కడూ తప్పు వరసలో లేడు.

తన సేన ఎక్కడుందో మాత్రం ఆమే నోటితో చెప్పాల్సి వచ్చింది. బల్ల మీది అట్ట కొండ పక్కన ఆరుగురు, సుద్దతో గీసిన వాగు దగ్గర పదిమంది. రెండు వంతులు అలా నడిచాయి. మూడో వంతుకు అన్నయ్య ఆగాడు.

"పిచ్చుకా, నీవాళ్లను ముట్టుకోవచ్చా?"

ముప్ఫై ఏడేళ్లలో ఇద్దరిలో ఎవరూ అడగని మాట అది. ఆర్నెల్లుగా తను అడక్కుండానే చేసింది.

"ముట్టుకో" అంది.

అతని చెయ్యి వాగు దాటి, కొండెక్కి, మెల్లగా ఒక్కొక్కరినీ తడుముతూ వెళ్లింది. జెండా మనిషి దగ్గర నిలిచిపోయింది. బొటనవేలు పీట మీద గుంటను వెతుక్కుంది. అందులో పట్టలేదు.

"దీన్ని ఇంకా పూడ్చలేదా?"

"లేదు."

"అప్పుడు నా వేలు ఇంత చిన్నదా?"

ఆమె ముక్కు ఎగబీల్చింది. అన్నయ్యకు కనిపించదు కదా అని కళ్లు మాత్రం తుడుచుకోలేదు. అతను చెయ్యి తీసి, తన వరసలు తడుముకుని, గులకరాళ్ల పీటలు నాలుగు ఏరి, అడుగులు కొలిచే కొలబద్ద పెట్టి సూటిగా ఆ జెండా మీదికే నడిపించాడు.

"ఏడిస్తే జెండా వదిలేస్తాననుకున్నావేమో. పాచికలు వెయ్యి" అన్నాడు.