తెల్లారే దాకా దురాయి

మా ఆవిడ నా కథ ఒక్కటీ చివరిదాకా వినలేదు. పెళ్లయిన కొత్తలో వినేదేమో అనుకోకండి, అప్పుడూ లేదు. శ్రీహరికోటలో లేచిన రాకెట్టు మా మిద్దె మీదుగా పోతూ నన్ను గుర్తుపట్టి కాస్త వంగిందని చెబుతుంటే, విడవలూరు సెంటర్లో టీ తాగేవాళ్లు గ్లాసులు కింద పెట్టి మరీ వింటారు. ఆవిడ మాత్రం రాకెట్టు వంగకముందే లేచిపోతుంది. ఊరు నమ్మితే సరిపోతుందా? ఒక్కసారి ఆవిడ నా ఎదురుగా కూర్చుని కథ ఆఖరుదాకా వినాలి. ఈ వయసులో నాకు మిగిలిన ఆశ అదే. ఆ ఆశతోనే ఆటలోకి దిగాను.

ఆట తెచ్చింది మా అక్క కూతురు. నెల్లూరులో ఇంజనీరింగ్ చదువుతూ ఆదివారాలు మా ఇంటికి వచ్చేది. ఇది బల్ల మీద పావులు జరిపే ఆట కాదు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు ఒక్కొక్కరు అందులో ఒక మనిషి అయిపోయి, తాము ఏం చేస్తారో చెబుతారు. అది కుదిరిందా, బెడిసిందా అన్నది పాచికలు తేలుస్తాయి. నేను ఇంతకాలం ఊరికే చేస్తున్న పనికి రూల్స్ కూడా ఉన్నాయని తెలిసి ఒళ్లు పులకరించింది. కథ నడిపే పని నాదేనన్నాను. వీధి చివర బట్టల కొట్టు భాయ్ కూడా వచ్చి చేరాడు.

ఆ రూల్స్ ఈ కాలానివి. నగరం, తుపాకులు, సెల్‌ఫోన్లు, కార్లలో తరుముకోవడం. మా ఆవిణ్ణి కూర్చోమంటే గుమ్మంలోంచే తేల్చేసింది.

"ఫోన్లు, బండ్లు, పోలీసోళ్లు. రోజూ చూసేదే గదా. దానికి మళ్లా పాచికలెందుకు?"

"పాత కాలం కథైతే కూర్చుంటావా?"

"కోతలు కొయ్యకుండా చెప్తే అప్పుడు చూస్తాంలే."

ఆ మాట పట్టుకుని రూల్స్‌ని పాత కాలానికి మార్చడం మొదలుపెట్టాం. ఎప్పటిదో ఒక రాజ్యం, మన ఒడ్డు లాంటి ఒడ్డు. తుపాకీ వడిసెల అయింది. తూటాలు నింపుకోవడానికి ఒక వంతు పోవాలన్న రూలు అలాగే ఉంచాం, రాళ్లు ఏరుకోవాలి కదా. కారు ఎద్దుబండి అయింది. కార్ల రూల్‌తో ఇసుకలో రెండు ఎద్దుబండ్లను తరుముకోనిస్తే పొద్దుగూకే దాకా రెండూ కదల్లేదు. మధ్యలో భాయ్ తన ఎద్దుకి గడ్డి వేస్తానన్నాడు, దానికీ పాచిక వేశాం. వీధి కెమెరాకు బదులు ఏం పెట్టాలో తేలక చాలాసేపు ఆగిపోతే దారి చూపించిందీ భాయే.

"అరుగు మీద ఒక ముసలామెను కూర్చోబెట్టన్నా. కెమెరా కన్నా ఒక మార్కు ఎక్కువెయ్యి. చూసింది పక్కింటోళ్లకి కూడా చెప్తాది."

మాయ దగ్గర మాత్రం నాకూ మేనకోడలికీ చెడింది. ఎగిరే తిమింగలం, మాట్లాడే వరిచేను, పెన్నను ఒక్క గుక్కలో తాగేసిన సన్యాసి, అన్నీ రాసి ఇస్తే అన్నీ కొట్టేసింది.

"మాయ తక్కువుండాల మామా. ఉందో లేదో ఆ రాజ్యంలో వాళ్లకే అనుమానంగా ఉండాల."

"ఎంత తక్కువ?"

"పులుసులో మెంతులంత. ఎక్కువైతే చేదు."

"మరి తిమింగలం ఎగరకపోతే ఏం చేస్తాది?"

"ఈదుతాది మామా. అదే దాని పని."

బతిమాలగా బతిమాలగా ఒకే ఒక్క మాయకు ఒప్పుకుంది. అదేదో తేలకముందే అరెస్టు రూలు అడ్డొచ్చింది. ఈ కాలం ఆటలో పోలీసు 'ఆగు' అంటాడు, పాచిక కలిసొస్తే దొంగ ఆగుతాడు. ఆ ఒక్క మాట వెనక స్టేషనుంది, కోర్టుంది, జైలుంది. రాజు ఎక్కడో, సైన్యం ఎక్కడో ఉన్న ఒడ్డున, ఆయుధం లేని మనిషి ఇంకొకరిని ఎలా ఆపాలి? నేను నాగపాశం అన్నాను. మేనకోడలు నా వైపు ఒక చూపు చూసింది, నేనే కొట్టేశాను. భాయ్ పహిల్వాన్లను పెడదామన్నాడు.

గుమ్మంలో కూర్చుని రొయ్యలు ఒలుస్తున్న మా ఆవిడ తల ఎత్తకుండానే అంది.

"దురాయి వేస్తే సరిపోలా?"

ముగ్గురం అటు తిరిగాం. ఆవిడ పుట్టిల్లు విడవలూరు అవతల, సముద్రం ఒడ్డున ఒక పాలెం. ఊరు ఊరంతా చేపల వేటే.

"దురాయంటే ఏందత్తా?" అంది మేనకోడలు.

"పెద్దలు కూర్చుని ఫలానా పని చెయ్యగూడదని చెప్తారు. ఈ పూట ఎవురూ వేటకి పోగూడదంటే పోగూడదు. అంతే."

"కాపలా ఎవరుంటారు?"

"కాపలా ఎందుకమ్మా? దురాయి వేసినారు గదా."

"అది గాదక్కా," భాయ్ అందుకున్నాడు. "ఒకడు పోయినాడే అనుకో. అప్పుడేమవతాది?"

ఆవిడ చేతిలో రొయ్యను అలాగే పట్టుకుని ఆలోచించింది.

"తప్పు కట్టాలంటారు. కట్టినోణ్ణి మాత్రం నేను చూళ్లా భాయ్. ఎవురన్నా పోతే గదా కట్టేది."

మెల్లగా మేనకోడలు అంది: "మామా, మన మాయ ఇదే."

తిమింగలాలకు రెక్కలు కట్టడంలో నాకు బోలెడు అనుభవం ఉంది. గాలిలోకి వదిలిన ఒక మాటకు పడవలన్నీ ఒడ్డునే ఆగిపోతాయన్నది మాత్రం నేను ఏనాడూ కల్పించలేకపోయాను. అలాంటి ఊరి మనిషి ఇన్నేళ్లుగా నా ఇంట్లోనే తిరుగుతోంది.

మేనకోడలికి ఒక బెంగ పట్టుకుంది. "ఇంత బలమైన మాయైతే ఆట చప్పబడిపోతాది అత్తా. వాడినోళ్లకి ఏదో ఒక కష్టం ఉండాల."

"ఉండాదిగా. వేసినోళ్లు కూడా పోగూడదు."

అదే రూలయింది. కథకు ఒక్క దురాయి. పాచిక అక్కర్లేదు, విన్నవాళ్లందరూ ఆగాలి, వేసినవాళ్లతో సహా.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ లాక్కుంది. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, పాచికలు బల్ల మీద వాటంతటవే దొర్లాయి. మీరు నమ్మాలి.

కథలో ఆవిడ ఒక పాలేనికి పెద్ద. మేనకోడలు వడిసెల వేసే పిల్ల. భాయ్ ఆవిడకు తమ్ముడు. నేను భాయ్ తెప్పను దూరంగా ఒక ఇసుక దిబ్బ మీద పడేసి, సముద్రానికి పోటు పెట్టించాను. అదే సమయానికి పాలెం పడవలను తగలబెట్టడానికి ఒక దొర ఓడలు వచ్చాయి. పాలెం మగవాళ్లంతా పడవలు నీళ్లలోకి నెడుతున్నారు. భారీ యుద్ధం సిద్ధం చేసుకున్నాను. నిజం చెప్పొద్దూ, రెక్కల తిమింగలం కూడా ఒకటి కాగితం కింద దాచి పెట్టుకున్నాను.

ఆవిడ నిటారుగా కూర్చుంది.

"తెల్లారే దాకా ఈ నీళ్ల మీదికి ఎవురూ పోగూడదు. మావోళ్లూ పోగూడదు, ఓడలోళ్లూ రాగూడదు. దురాయి."

"అక్కా! నేను దిబ్బ మీద ఉండాను గదా!" అన్నాడు భాయ్.

"తెలుసు భాయ్."

"నీళ్లు పెరగతా ఉండాయి!"

"తెలుసు. నేను గూడా రాగూడదు."

భాయ్ కాళ్లు కుర్చీ మీదికి లాక్కున్నాడు. "సర్లే అక్కా. కూర్చుంటా," అన్నాడు.

ఓడల కోసం వెయ్యాల్సిన పాచికలు నా పిడికిట్లో ఉన్నాయి. వేళ్లు విప్పబోతే రాలేదు. కాగితం కింది తిమింగలాన్ని దించుదామనుకున్నాను, మాట పెగల్లేదు. వేసిందేమో మా ఆవిడ, అదీ కథలో. ఆగిపోయిందేమో నా చెయ్యి. చివరికి, ఓడలు తెరచాపలు దించాయని మాత్రం చెప్పగలిగాను. పాలెం మనుషులు పడవల పక్కన కూలబడ్డారని చెప్పాను.

"గాలి ఎటు నుంచి?" అంది ఆవిడ.

"తూర్పు."

"అయితే దిబ్బ మీదికి అలలు ఎక్కతాయి. సరే, చెప్పు."

చెప్పాను. ఇసుక చల్లబడింది, ఓడల దీపాలు ఉన్నచోటే ఊగుతున్నాయి, ఎవరూ నిద్రపోలేదు. అంతకు మించి నాకేం తోచలేదు. ఆవిడే అందుకుంది. చిన్నప్పుడు తమ ఊళ్లో దురాయి పడిన రోజు ఎలా ఉండేదో చెప్పింది. మగవాళ్లకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదట. ఎండ్రకాయలు పడవల నీడ దాకా ధైర్యంగా వచ్చేవట. మనుషులెవరూ రాలేదేమని సముద్రం ఒడ్డుకు వచ్చి చూసిపోతున్నట్టు ఉండేదట. భాయ్ తన దిబ్బను మరిచిపోయి వింటున్నాడు. నేనూ అంతే. ఆవిడ చెప్పడం ఆపి, నా వంక చూసి, మళ్లీ నన్ను చెప్పమంది.

అప్పుడే గేటు చప్పుడైంది. పక్కింటావిడ.

"ఏమ్మే, బజారుకి పోదామంటివే! రావా?"

కథ సగంలో ఉంది. భాయ్ మోకాళ్ల దాకా నీళ్లలో ఉన్నాడు.

మా ఆవిడ కుర్చీలోంచి కదలకుండా చెయ్యెత్తింది.

"ఉండక్కా, ఇంకా తెల్లారలా."

పక్కింటావిడ నడినెత్తి దాటిన ఎండను చూసింది, మా నలుగురినీ చూసింది. చెప్పులు విడిచి వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"నువ్వు చెప్పయ్యా," అంది మా ఆవిడ నాతో.