సాంచాల షెడ్డులో నీళ్లు చల్లిందెవరు?

దయ్యాలంటే నాకు నవ్వు. మా కోరుట్లలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు డాక్టర్ దగ్గరికి తీసుకుపొమ్మని కొట్లాడేది నేనే. ఇది వేరేవాళ్లు రాస్తే నేనూ నవ్వేవాడినే. కాబట్టి నవ్వేవాళ్లను ఏమీ అనను.

నా దగ్గర ఒక బాల్ పైతాన్ ఉంది. విదేశీ పాము, విషం లేనిది, పద్ధతి ప్రకారం ప్రభుత్వం దగ్గర నమోదు చేయించిందే. అమ్మ దాన్ని కోరుట్ల ఇంటి గడప తొక్కనివ్వలేదు. అందుకని సిరిసిల్లలో నేను అద్దెకున్న ఇంటి వెనక, ఖాళీగా పడి ఉన్న సాంచాల షెడ్డులో అద్దాల పెట్టె పెట్టుకున్నాను. సాంచాలంటే మరమగ్గాలు. ఇంటావిడ లచ్చవ్వ భర్త బతికున్నన్నాళ్లు అక్కడే బట్ట నేసేవాడట. ఆయన జబ్బు చేసి పోయాక ఆమె సాంచాలు అమ్మేసింది.

పాము కింద ఏం పరవాలన్నది పెద్ద తలనొప్పి. ఈ ఊళ్లో ఎక్కడ చూసినా నేతలో మిగిలిన నూలు చిత్తే. నేను మహా తెలివిగా అదే మెత్తగా పరిచాను. అది నేను చల్లిన నీళ్లన్నీ పీల్చేసింది, పైగా దారాలు పాముకు చుట్టుకున్నాయి. పెట్టెలో గాలి పొడిబారి కుబుసం ముక్కలుగా ఊడింది. కళ్ల మీది పొర అసలు ఊడలేదు. ఇంకోసారి ఇలాగే జరిగితే కళ్లు దక్కవని పశువుల డాక్టరమ్మ చెప్పింది.

చిత్తు తీసేసి తడిపిన కొబ్బరి పొట్టు పోశాను. తేమ మీటర్ అరవై శాతం దగ్గర నిలవాలి. వేడిగాలి రాకుండా షెడ్డు కిటికీలకు పాలిథిన్ కవర్లు కొట్టాను. ఆ పని నా చేతులతో నేనే చేశాను, ఎవరినీ అనడానికి లేదు.

ఎండలు ముదిరాక పాము కళ్లు మళ్లీ నీలంగా మసకబారాయి. కుబుసం విడిచే సమయం. ఒకరోజు పొద్దున స్ప్రే డబ్బాతో లోపలికెళ్లి తలుపు వేసుకున్నాను. డబ్బాలో ఉన్న నీళ్లన్నీ పొట్టు మీద కొట్టి వెనక్కి తిరిగితే తలుపు తెరుచుకోలేదు. ఎవరో బయట గొళ్లెం పెట్టారు. ఫోన్ ఇంట్లో ఛార్జింగ్‌లో ఉంది.

అరిచాను. చుట్టుపక్కల షెడ్లలో సాంచాలు నడుస్తున్నాయి. ఆ చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు. తలుపును తన్నితే ఆ దబదబ కూడా అందులోనే కలిసిపోయింది. ఒక కిటికీ కవరు చించాను. ఇనుప చువ్వలు, అవతల పక్కింటి గోడ. వేడిగాలి కొట్టి మీటర్ ఇంకా కిందికి దిగింది.

మధ్యాహ్నానికి పైన రేకులు కాలిపోతున్నాయి. నోరు పిడచగట్టింది. పాము గిన్నెలో నీళ్లున్నాయి. వాటి వంక చాలాసేపు చూశాను. చివరికి తిట్టుకుంటూ అవి కూడా పొట్టు మీదే పోసి, గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాను. ఇక్కడే పోతానేమోనని నిజంగా భయపడ్డాను.

పాదాల మీద చల్లగా చుక్కలు పడ్డాయి.

కళ్లు తెరిస్తే నేలంతా తడి. ఎండాకాలం పోగులు తెగకుండా సాంచాల మధ్య చేత్తో నీళ్లు చల్లుతారు. అచ్చం అలాగే, బారులు బారులుగా, ఆ చివరి గోడ నుంచి నా కాళ్ల దాకా. షెడ్డులో నల్లా లేదు, బకెట్టూ లేదు. మీటర్ మెల్లగా పైకి లేస్తోంది. నాతోపాటు లోపల ఇంకెవరో బందీ అయి ఉన్నారనిపించి మూలమూలా చూశాను, ఎవరూ లేరు. కానీ ఊపిరి ఆడింది. ఆ తడి నేల మీదే పడుకున్నాను.

పొద్దుగూకే వేళకు లచ్చవ్వ తలుపు తీసింది.

"అయ్యో కొడుకా, లోపటనే ఉన్నవా! కుక్కలు లోపటికి సొర్రుతయని గొళ్లెం పెట్టి జగిత్యాల పోయిన, బిడ్డ కాడికి."

అంతలో ఆమె చూపు నేల మీద పడింది. "నీళ్లు ఎవలు చల్లిండ్రు?"

జరిగింది చెప్పాను. ఆమె కూర్చుని తడి మీద అరచెయ్యి ఆనించింది.

తెల్లారేసరికి పాము కుబుసం తల నుంచి తోక దాకా ఒకే ముక్కగా విడిచింది. కళ్ల పొరలు కూడా దానితోనే వచ్చాయి. నాకు ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నం లచ్చవ్వ నా దగ్గరికొచ్చింది. "నన్ను లోపట ఉంచి గొళ్లెం పెట్టు కొడుకా. పొద్దుగూకినంకనే తియ్యి."

వద్దని ఎంత చెప్పినా వినలేదు. సరేనని గొళ్లెం పెట్టాను గానీ మనసు ఆగక కాసేపటికే తీశాను. షెడ్డు మధ్యలో కూర్చుని ఉంది. చీర చెమటకు తడిసి ముద్దయింది. నేల పొడిపొడిగా, దుమ్ముతో ఉంది.

"నువ్వెవలో, నిన్న మొన్న అచ్చినోనివి. నీకు చల్లిండు గదా," అంది. "నాకెందుకు చల్లలె కొడుకా?"