బోనులో పడ్డ ముంగిస

నా చిన్నప్పుడు మా ఊరు పీలమేడు చుట్టుపక్కలంతా తోటలే. మా తాతయ్యకు అక్కడ వంగతోట ఉండేది. తరాలుగా తమిళదేశంలో ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళం. కోపం వస్తే తిట్టడానికి మాత్రం తాతయ్యకు రెండు భాషలూ చాలేవి కావు.

ఆ ఏడు పచ్చగా ఉన్న మొక్కలు ఉన్నట్టుండి తలలు వాల్చి చచ్చిపోసాగాయి. తోటగట్టున ముంగిస బొరియ ఉంది. అదే వేళ్ళు తవ్వి పాడుచేస్తోందని తాతయ్య తేల్చేసి బోను పెట్టాడు. ముంగిస పడనే పడింది. భోజనమయ్యాక దాన్ని కొట్టి చంపుతానన్నాడు. బోనులో అది అటూ ఇటూ తిరుగుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆయనకు ఎదురుచెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. కాలేజీలో చెట్ల చదువు చదివే పక్కింటి అక్క దగ్గరికి పరిగెత్తాను.

అక్క ఒక పుస్తకం పట్టుకొచ్చి తాతయ్యకు బొమ్మ చూపించింది. కుక్కలాంటి జంతువు, వీపున పులిచారలు. పిల్లల్ని పొట్టసంచిలో మోసేదట. ఆస్ట్రేలియా పక్కనున్న దీవిలో గొర్రెలు చచ్చినప్పుడల్లా జనం దీన్నే అన్నారట. గొర్రెలను కుక్కలు తిన్నా నింద దీనిమీదే. చంపినవాడికి బహుమానం కూడా ఇచ్చారట. చివరిది బోనులోనే చచ్చిపోయిందట.

దానికీ నా తోటకీ ఏం సంబంధమని తాతయ్య విసుక్కున్నాడు. అక్క వాడిన వంగకాండం ఒకటి కోసి గ్లాసు నీళ్ళలో వేలాడదీసింది. కాసేపటికి కోసినచోటు నుంచి పాలలాంటి సన్నటి దారాలు నీళ్ళలోకి జారాయి.

"ఇదే తాతా, నీ చెట్లను చంపే కిరుమి. మన్నులోనే ఉండాది. ఆ చారల జంతువు అందరికీ కనబడినాది, లోకంలోనే లేకుండా పోయినాది. ఇది ఎవరి కంటికీ ఆనదు, హాయిగా ఉండాది. బోనులో ఉండే ఈ కీరి చేసిన తప్పేంది? నీకు కనబడినాది, అంతే."

తాతయ్య గ్లాసు చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత లేచి బోను తలుపు ఎత్తాడు. ముంగిస గట్టు దాటి పోయింది. తోట మాత్రం దక్కలేదు. మరుసటి ఏడు అక్కడ ఆ క్రిమి సోకని జొన్న వేశాడు.

తాతయ్య కోపస్వభావమే నాకూ వచ్చింది. అత్త మీది కోపం దుత్త మీద చూపడంలో నేనేమీ తీసిపోను. అయినా ఎవరినైనా తప్పుపట్టబోయే ముందు, ఈ పని వీళ్ళు చేశారా, లేక నా కంటికి వీళ్ళే కనబడ్డారా అని నన్ను నేను అడుగుతాను. చాలాసార్లు నోరు మూసుకుని కూర్చుంటాను.