ఒక్క పోగే కదా

ఒక్క ఏనుగు మొర విని వైకుంఠం విడిచి పరుగెత్తిన స్వామికి జయం. ఎంతమంది పిలిచారని ఆయన లెక్క చూడలేదు.

నా చిన్నప్పుడు ఆర్.కె.పేట దగ్గర మా నేతగాళ్ళ వీధిలోకి బస్సు రావాలని, రోడ్డు వెడల్పు చేయడానికి సర్కారువాళ్ళు వచ్చారు. మలుపులో పక్కింటి అక్క ఇల్లు అడ్డం. భర్త పోయిన మనిషి. ఇంట్లో నేల తవ్వి పెట్టుకున్న గుంట మగ్గమే ఆమెకు తిండి. ఎదురుగా ఒక పెద్దరైతు కళ్ళం ఖాళీగా పడి ఉంది. కొలిచే గొలుసు అటు పోనే లేదు. అందరి మేలుకు ఒక్క ఇల్లు పోతే తప్పేమిటన్నాడు అధికారి. ఊరి కోసం ఒకరిని వదులుకోవచ్చని శాస్త్రమే చెప్పిందంటూ మా భజన గోష్ఠి పెద్దలు తలలూపి సంతకాలు పెట్టారు. మా నాన్న కూడా పెట్టాడు.

ఆ శనివారం వాళ్ళంతా భజనకు మా ఇంటికి వచ్చేసరికి మా తాతయ్య ఇంకా మగ్గం మీదే ఉన్నాడు. పడుగులో పోగు తెగితే మా ఇళ్ళలో చేయి ఆగాలి. ముడి వేశాకే మళ్ళీ నాడె అటూ ఇటూ ఆడాలి. అప్పుడే ఒక పోగు తెగింది. ముడి వేయబోయిన నన్ను ఆయన ఆపాడు.

"ఉండనీ పాపా. ఒక్క పోగే కదా."

నేస్తూనే పోయాడు. తెగిన పోగు పక్కవాటికి చుట్టుకుని వాటినీ తెంపింది. ఆయన నేస్తున్న పెళ్ళిచీర నడుమ గాయంలా గీత పడింది.

"ఏం మామా, కండ్లు కనపడలేదా? చీర పాడైపోతా ఉండాది," అన్నాడు గోష్ఠి పెద్ద.

"చీరకు ఇంత అల్లాడతా ఉండారే. ఆ బిడ్డ ఇల్లు పడగొట్టేదానికి సరే అన్నప్పుడు యాడబోయింది మీ కడుపుమంట?"

ఆ రోజు భజన జరగలేదు. సోమవారం అందరూ సంతకాలు వెనక్కి తీసుకుంటామని తాలూకా ఆఫీసుకు పోతే, మీరు ఒప్పుకున్నదే కదా అని తిప్పి పంపారు. ఇల్లు పడగొట్టారు. మగ్గం గుంటను మట్టితో పూడ్చి తారు పోశారు. అక్క మా వసారాలో నూలు కండెలు చుట్టుకుని బతికింది.

నేను ముసలిదాన్నయ్యాను, నా కోపం మాత్రం ముసలిది కాలేదు. ఇప్పుడు మళ్ళీ మా పక్క కొత్త రోడ్డుకు కొలతలు వేస్తూ అదే మాట అంటున్నారు. ఒక్కరిని కాపాడలేని సర్కారుకు అందరి పేరు చెప్పే హక్కు ఎవరిచ్చారు? తిరుత్తణి బస్సు ఆ మలుపు తిరిగేటప్పుడు నేను సీట్లో కూర్చోను. లేచి నిలబడతాను. కింద ఆమె మగ్గం ఉంది.

చదివే మీరూ నాతో చేతులు జోడించండి. స్వామీ, ఒక్కరి మొర వినే చెవి మాకూ ఇవ్వు. విన్నాక మమ్మల్ని కూర్చోనివ్వకు.